టెక్సస్ పల్లెటూరి స్కూల్ డిస్ట్రిక్ట్: నడిపేదెవరు, రేటింగ్ 'సి' అయితే భయపడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీవారు డాక్టరు. జే-1 వేవర్ (శిక్షణ అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న వీసా షరతు నుంచి మినహాయింపు) మీద పశ్చిమ టెక్సస్‌లో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేయాలి. ఆ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి సర్కారు బడులన్నీ నడిపే స్థానిక సంస్థ) మొత్తానికీ ఆరొందల మంది పిల్లలు, 'ఎ' నుంచి 'ఎఫ్' దాకా ఉండే రాష్ట్ర రేటింగులో 'సి'. పాప ఎనిమిదిలోకి, బాబు నాలుగులోకి వస్తారు. ఇప్పుడు మీరు మిషిగన్‌లో ఉన్నారు. డల్లస్ శివారు ఫ్రిస్కోలో ఉన్న స్నేహితులేమో "పిల్లల్ని తీసుకుని మీరు ఇక్కడికొచ్చేయండి, ఆయన వారాంతాల్లో వచ్చిపోతారు" అంటున్నారు. అసలు ఇలాంటి డిస్ట్రిక్ట్‌ను ఎవరు నడుపుతారు, అది బాగా నడుస్తోందో లేదో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది, బంధుప్రీతి సంగతేమిటి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ 'సి' ఒక్కటి చూసి వద్దనుకోకండి. సూపరింటెండెంట్ ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏటా ఎంతమంది టీచర్లు వదిలి వెళ్తున్నారు, బోర్డు మీటింగుల్లో ఏం మాట్లాడుకుంటున్నారు, ఇవి చూడండి. ఇవి నిలకడగా ఉంటే బాబు గురించి అసలు ఆలోచించక్కర్లేదు. పాప విషయం కాస్త వేరు. హైస్కూల్లో లెక్కలు, సైన్సు ఎంతవరకు చెబుతారో ముందే అడిగి తెలుసుకోవాలి.

నా సంగతి కూడా చెప్పాలి కదా. ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్నాను. టెక్సస్‌లో ఓ పల్లె డిస్ట్రిక్ట్‌లో ఏళ్ల తరబడి హైస్కూల్ లెక్కలు చెబుతున్నాను. డిస్ట్రిక్ట్ ప్రణాళికా కమిటీలో టీచర్ల తరఫున కూర్చుంటాను. కాబట్టి నేను చెప్పేదంతా టెక్సస్ గురించే. పక్కనున్న ఓక్లహోమాలో కూడా లెక్క వేరే.

మన దగ్గర సర్కారు బడి అంటే అన్నీ పైనుంచి వస్తాయి. టీచర్ల నియామకం డీఎస్సీది, బదిలీలకు కౌన్సెలింగ్, పై ఆఫీసు నుంచి మెమో వస్తే హెడ్మాస్టరు సంతకం పెట్టడం. ఇక్కడ బదిలీ అన్న మాటే లేదు. టీచరుతో ఒప్పందం కుదుర్చుకునేది ఆ ఊరి డిస్ట్రిక్టే. జీతం స్కేలు, సెలవుల క్యాలెండర్, పన్ను రేటు అన్నీ అక్కడే తేలతాయి. రాష్ట్రం కనీస జీతం, పాఠ్యాంశాలు, పరీక్షలు, రేటింగు వరకు చూసుకుంటుంది. ఇలాంటి ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టులు టెక్సస్‌లో వెయ్యికి పైగా ఉన్నాయి. వాటి మీద కౌంటీకి గానీ, సిటీ కౌన్సిల్‌కి గానీ పెత్తనం లేదు. రాష్ట్రంలో సగానికి పైగా డిస్ట్రిక్టుల్లో పిల్లలు వెయ్యి మంది లోపే. మీరు వెళ్లబోయేది వింత చోటేమీ కాదు. అరవై వేల పైచిలుకు పిల్లలున్న ఫ్రిస్కో లాంటివే లెక్కకు తక్కువ.

నడిపేది బోర్డు. సాధారణంగా ఏడుగురు ట్రస్టీలు. ఊరి జనమే ఓటేసి ఎన్నుకుంటారు. పదవీకాలం మూడేళ్లో నాలుగేళ్లో ఉంటుంది, అందరూ ఒకేసారి దిగిపోకుండా కొందరికి కొందరికి వేర్వేరు ఏళ్లలో ఎన్నిక వస్తుంది. జీతం లేదు. పత్తి రైతు, పశువుల డాక్టరు, ఇన్సూరెన్సు ఏజెంటు, రిటైరైన టీచరమ్మ, ఆయిల్ కంపెనీలో సూపర్‌వైజరు, ఇలాంటివాళ్లే కనిపిస్తారు. పోటీ ఎవరూ లేకపోతే ఎన్నికను రద్దు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. చిన్న ఊళ్లలో ఇది మామూలే. అందుకే ఒకే మనిషి దశాబ్దాల పాటు అదే కుర్చీలో ఉండటం కూడా చూస్తాం. అది మంచిదా చెడ్డదా అంటే ఆ మనిషిని బట్టే. మా దగ్గర అలాంటి ఒకాయన ఉన్నారు. ఏ బస్సు ఏ ఏడాది కొన్నదో, ఏ గది పైకప్పు ఎప్పుడు కారిందో కాగితం చూడకుండా చెబుతారు. ఆయన అడిగే ప్రశ్నలకు ఆడిటర్లకే చెమటలు పడతాయి.

బోర్డు నేరుగా పెట్టుకునేది దాదాపు ఒక్క మనిషినే. అతనే సూపరింటెండెంట్. కాంట్రాక్టు గరిష్ఠంగా ఐదేళ్లు. మిగతా అందరి మీద ఆయన మాటే. పెద్ద డిస్ట్రిక్టులో ఆయన కింద డిప్యూటీలు, డైరెక్టర్లు ఓ అంతస్తు నిండా ఉంటారు. మన ఆరొందల మంది డిస్ట్రిక్టులో సూపరింటెండెంటే బడ్జెట్ వేస్తాడు, గ్రాంటు దరఖాస్తు రాస్తాడు, డ్రైవరు రాకపోతే బస్సు కూడా తోలతాడు. ఇది వెటకారం కాదు, చాలామందికి బస్సు లైసెన్సు ఉంటుంది. ఆయన చేయలేని పనులకు రాష్ట్రంలో 20 ప్రాంతీయ సేవా కేంద్రాలు ఉన్నాయి. టీచర్ల శిక్షణ, కంప్యూటర్ వ్యవస్థ, కొన్ని చోట్ల జీతాల లెక్కలు కూడా వాటి దగ్గరే కొనుక్కుంటారు.

ఇందులోనే చిన్న డిస్ట్రిక్ట్ బలం, బలహీనత రెండూ ఉన్నాయి. ఇక్కడ పాలన, చదువు వేరువేరు కావు. పెద్ద చోట ఒక సూపరింటెండెంట్ మానేసి వెళ్తే తరగతి గదిలో ఏడాదిదాకా తేడా తెలియదు. ఇక్కడ ఆగస్టులో వెళ్లిపోతే అక్టోబరుకల్లా పిల్లల పుస్తకాల్లో కనిపిస్తుంది. మా పక్క డిస్ట్రిక్టులో కొద్ది ఏళ్లలోనే ముగ్గురు సూపరింటెండెంట్లు మారారు. వచ్చినవాళ్లంతా చదవడం నేర్పే ప్రోగ్రామ్ మార్చారు. రెండో తరగతిలో ఒక పద్ధతి, మూడులో ఇంకోటి, నాలుగులో మరోటి. ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. లెక్కల పోటీలకు వచ్చినప్పుడు చూస్తుంటాను, లెక్క వచ్చినా ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానికి తడబడతారు.

ఇప్పుడు బయటినుంచి ఎలా చూడాలో చెబుతాను.

బోర్డు మీటింగు నెలకోసారి, ఎక్కువగా సోమవారమో గురువారమో సాయంత్రం, స్కూలు లైబ్రరీలోనో ఆఫీసులోనో జరుగుతుంది. ఇదివరకు 72 గంటల ముందు ఎజెండా అంటించాలని ఉండేది, 2025 సెప్టెంబరు నుంచి మూడు పనిదినాల ముందు పెట్టాలి. వెబ్‌సైట్‌లో పాత ఎజెండాలు, మినిట్స్ దొరుకుతాయి. ఏడాదివి కూర్చుని చదవండి, ఒక సాయంత్రం పని. మీటింగులో ముందు జెండా ప్రతిజ్ఞ, ప్రార్థన. తర్వాత చర్చ లేకుండా మూకుమ్మడిగా ఆమోదించే అంశాలు, అంటే నెల బిల్లులు, గత మీటింగు మినిట్స్ లాంటివి. ఆ తర్వాత ప్రిన్సిపాళ్ల నివేదికలు. ఇక్కడ ఆగి చూడండి. ఎలిమెంటరీ ప్రిన్సిపాలు "ఈ నెల హాజరు ఇంత, మూడో తరగతిలో చదవడంలో వెనకబడినవాళ్లు ఇంతమంది, వాళ్లకు ఇలా చేస్తున్నాం" అని చెబుతున్నారా? లేక హోమ్‌కమింగ్ (ఏటా జరిగే స్కూలు సంబరం) ఫొటోలు చూపించి కూర్చుంటున్నారా? ట్రస్టీలు ఎవరైనా ప్రశ్న వేశారా? ఏడాది మినిట్స్‌లో స్టేడియం లైట్ల గురించి నాలుగు పేజీలు ఉండి, చదువు ఫలితాల గురించి ఆగస్టులో ఒక్క వాక్యమే ఉంటే, రేటింగ్ 'ఎ' అయినా నేను జంకుతాను.

తర్వాత తలుపులు మూసి మాట్లాడుకుంటారు. ఉద్యోగుల విషయాలు, లాయరు సలహాల కోసం చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కానీ ఓటు మాత్రం బయటికొచ్చి అందరి ముందే వేయాలి. మూసిన తలుపుల వెనక మీటింగు ప్రతి నెలా అర్ధరాత్రిదాకా సాగుతోందని మినిట్స్‌లో టైము చూస్తే తెలిసిపోతుంది. సూపరింటెండెంట్‌కీ బోర్డుకీ పడటం లేదని దానికి అర్థం కావచ్చు.

2019లో వచ్చిన చట్టం వల్ల ఎజెండాలోని ఏ అంశం మీదైనా, అది తేల్చేలోపు మాట్లాడే హక్కు మీకుంది. మామూలుగా మూడు నిమిషాలు ఇస్తారు. ఎజెండాలో లేని విషయం లేవనెత్తితే వాళ్లు చర్చించలేరు, మొహం అదోలా పెట్టుకుని వింటారు. అది నిర్లక్ష్యం అనుకోకండి, చట్టం అంతే.

బంధుప్రీతి సంగతి కూడా అడిగారు. ట్రస్టీల దగ్గరి బంధువులను బోర్డు కొత్తగా ఉద్యోగంలో పెట్టకూడదని చట్టం ఉంది. అయితే ఎన్నికకు చాలా ముందునుంచే పనిచేస్తున్నవాళ్లు కొనసాగొచ్చు. కాబట్టి ట్రస్టీ గారి భార్య మీ బాబుకు టీచరుగా రావడం, ప్రిన్సిపాలు తమ్ముడు ఫుట్‌బాల్ కోచ్ కావడం చూసి ఆశ్చర్యపోవద్దు. రెండు వేల మంది ఉన్న ఊళ్లో చుట్టరికం లేని చోటు వెతకడం కష్టం.

ఫిర్యాదు ఉంటే? బజారులో కనిపించిన ట్రస్టీని పట్టుకోకండి. విడిగా ఏ ట్రస్టీకీ అధికారం లేదు, బోర్డుగా కూర్చుంటేనే ఉంటుంది. ముందు ప్రిన్సిపాలు, తర్వాత సూపరింటెండెంట్, ఆఖరున బోర్డు. పాలసీ మాన్యువల్‌లో తల్లిదండ్రుల ఫిర్యాదులది ఎఫ్‌ఎన్‌జీ అనే పేరుతో ఉంటుంది. అందులో గడువులు రాసి ఉంటాయి, దాటితే ఫిర్యాదు చెల్లదు. ఇంకో మాట. మీవారు ఊరి డాక్టరు కాబట్టి ట్రస్టీలు, టీచర్లు ఆయన పేషెంట్లే అవుతారు. స్కూలు మాటలు ఆసుపత్రి గదిలోకి రానివ్వకపోతే అందరికీ మంచిది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, లేకపోతే ఇదే పెద్ద పురాణం. ఆస్తి పన్నులో రెండు భాగాలు: ఒకటి జీతాలకు, నిర్వహణకు. రెండోది భవనాల కోసం జనం ఓటేసి ఒప్పుకున్న బాండ్ల అప్పు తీర్చడానికి. రాష్ట్రం పిల్లాడికి ఇంత అని ఒక మూల మొత్తం లెక్కగడుతుంది. 2019 నుంచి అది 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు పెరిగినా కదల్లేదు. 2025లో హౌస్ బిల్ 2 దానికి 55 డాలర్లు కలిపింది. నవ్వాలో ఏడవాలో తెలియని పెంపు. అయితే అదే చట్టం పల్లె టీచర్లకు మాత్రం మేలు చేసింది. 5,000 మంది లోపు పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేళ్ల అనుభవం ఉన్న టీచరుకు ఏడాదికి 4,000 డాలర్లు, ఐదేళ్లు నిండితే 8,000 ఇస్తారు. పెద్ద డిస్ట్రిక్టుల్లో అవి 2,500, 5,000. మంచి టీచర్లు నగరానికి పారిపోకుండా ఇది కొంత ఆపుతుంది.

నేల కింద నూనె ఉన్న డిస్ట్రిక్ట్ కథ వేరు. వింక్-లవింగ్ లాంటి చోట్ల ఆస్తి విలువ ఆకాశంలో, పిల్లలు గుప్పెడు. అందుకే స్థానికంగా వసూలైన పన్నులో పెద్ద భాగాన్ని రాష్ట్రానికి తిరిగి కట్టాలి. జనం దీన్ని రాబిన్‌హుడ్ అంటారు, 1993 నుంచి ఉంది. మీరు వెళ్లే ఊళ్లో కొత్త స్టేడియం తళతళలాడుతూ, తరగతిలో మాత్రం టీచరు లేకపోతే తికమకపడకండి. స్టేడియం బాండ్ డబ్బు, టీచరు జీతం నిర్వహణ డబ్బు. బాండ్ డబ్బు తీసి జీతాలకు వాడటానికి లేదు.

ఆర్థికంగా గట్టిగా ఉందో లేదో చూడటానికి రెండు కాగితాలు చాలు. ఏటా బయటి ఆడిటరు ఇచ్చే నివేదిక, రాష్ట్రం ఇచ్చే ఫస్ట్ అనే ఆర్థిక రేటింగు. ఆడిట్‌లో జనరల్ ఫండ్ నిల్వ కనీసం మూడు నెలల ఖర్చుకు సరిపోతోందా చూడండి. మూడేళ్లుగా నిల్వ కరిగిపోతూ ఉంటే, నాలుగో ఏడాది తెగేది మ్యూజిక్ టీచరో, కౌన్సెలరో.

ఈ డబ్బు పిల్లల సగటు హాజరు మీద వస్తుంది, చేరిన సంఖ్య మీద కాదు. ఇది మనవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం. ఫిబ్రవరిలో పెళ్లి ఉందని పిల్లల్ని మూడు వారాలు ఇండియా తీసుకెళ్తే ఫ్రిస్కోలో కంప్యూటర్ మెయిల్ పంపి ఊరుకుంటుంది. ఇక్కడ ఆఫీసులో ఉండే ఆవిడ మీ ఇంటికే ఫోన్ చేస్తారు. డిస్ట్రిక్టుకు డబ్బు పోతుంది. దానికి తోడు 90 శాతం హాజరు లేకపోతే ఆ కోర్సు క్రెడిట్ కోసం ప్రిన్సిపాలు ఒప్పుకున్న ప్రణాళిక పూర్తి చేయాలి, లేదా కమిటీ ముందుకు వెళ్లాలి. ప్రయాణాలు జూన్, జులైలో పెట్టుకోండి.

ఇక రేటింగు. 90, ఆపైన 'ఎ', 80 నుంచి 'బి', 70 నుంచి 'సి'. పరీక్షల్లో ఎంతమంది ఏ స్థాయిలో ఉన్నారన్నది ఒక భాగం. పోయినేటి కన్నా పిల్లలు ఎంత ఎదిగారు, ఇలాంటి ఆర్థిక స్థితి ఉన్న మిగతా బడులతో పోలిస్తే ఎలా ఉన్నారన్నది రెండో భాగం. ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్ని 70 శాతంగా తీసుకుంటారు. మిగతా 30 శాతం రకరకాల విద్యార్థి వర్గాలు ఎలా చేశాయన్న దాని మీద. రాష్ట్రం రేటింగుల వెబ్‌సైట్‌లో ఈ భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. నేనైతే ముందు రెండో భాగమే చూస్తాను. మొదటిది 68 ఉండి రెండోది 82 ఉంటే ఆ బడిలో టీచర్లు పనిచేస్తున్నారని అర్థం. తారుమారుగా ఉంటే, పిల్లలు ఇంటినుంచే చదువుకుని వస్తున్నారని అర్థం. నగర శివార్లలో చాలా 'ఎ'ల వెనక సాయంత్రం ట్యూషన్లకు కార్లలో తిప్పే అమ్మానాన్నల కష్టం ఉంది.

చిన్న చోట అంకెలు ఊగిపోతాయి. నాలుగో తరగతిలో 40 మంది ఉంటే ఒక్కో పిల్లవాడు 2.5 శాతం. ఆయిల్ రిగ్గు పని అయిపోయి నాలుగు కుటుంబాలు వెళ్లిపోతే ఆ తరగతి ఫలితం పది శాతం అటో ఇటో అవుతుంది. ఎవరూ బాగా చెప్పినట్టూ కాదు, చెడగొట్టినట్టూ కాదు. అందుకే ఒక ఏడాది కాదు, నాలుగైదేళ్లు వరసగా చూడాలి. అందులోనూ చిక్కు ఉంది. కోవిడ్ వల్ల 2020, 2021లో రేటింగులు లేవు. 2022లో 'డి', 'ఎఫ్' అని రాయలేదు. 2023లో లెక్కగట్టే పద్ధతి బిగించారు. కాలేజీకో ఉద్యోగానికో సైన్యానికో సిద్ధంగా ఉన్న గ్రాడ్యుయేట్లు 60 శాతం ఉంటే ఆ విభాగంలో ఇదివరకు 'ఎ' వచ్చేది, దాన్ని 88కి పెంచారు. వందకు పైగా డిస్ట్రిక్టులు కోర్టుకెక్కాయి. ఆ 2023 రేటింగులు చివరికి 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. 2024వి, 2025వి ఆగస్టులో కలిపి ఇచ్చారు. 2019లో 'బి' ఉన్న హైస్కూలు ఇప్పుడు 'సి' అయిందంటే అది పిల్లలు దిగజారడమే కానక్కర్లేదు. పైగా ఇప్పుడున్న రాష్ట్ర పరీక్ష, స్టార్ అంటారు, అది కూడా 2027-28 నుంచి పోయి, ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు రాబోతున్నాయి. మీ బాబు ఎలిమెంటరీ దాటేలోపే ఈ పోలికలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

నా మాటకొస్తే అక్షరం కన్నా రాష్ట్రం ఏటా ఇచ్చే పనితీరు నివేదికలో టీచర్ల వలస శాతం, సగటు అనుభవం ముఖ్యం. చిన్న అంకెలున్న చోట గోప్యత కోసం నక్షత్రం గుర్తు పెడతారు, దాన్ని చూసి ఏదో దాచారనుకోవద్దు. సర్టిఫికెట్ లేని టీచర్లు ఎంతమందో కూడా అడగండి. 2015లో వచ్చిన ఒక చట్టం కింద చాలా డిస్ట్రిక్టులు ఆ నిబంధన నుంచి మినహాయింపు తీసుకున్నాయి. దొరక్క తీసుకున్నాయి, అందులో తప్పు పట్టేదేం లేదు. ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా రిటైరై ఫిజిక్స్ చెప్పే సర్టిఫికెట్ లేని టీచరు బాగా చెబుతుండవచ్చు. ఒకటో తరగతికి మాత్రం చదవడం ఎలా నేర్పాలో తెలిసిన మనిషి కావాలి.

చిన్న డిస్ట్రిక్ట్ ఎలా పడుతుందో, ఎలా లేస్తుందో తెలియాలంటే ప్రిమాంట్ గురించి చదవండి. దక్షిణ టెక్సస్‌లో, జిమ్ వెల్స్ కౌంటీలో ఉంది. పరిమాణంలో మీ ఊరి డిస్ట్రిక్టుతో సమానం. చదువులు, డబ్బు రెండూ పాడై, 2011లో రాష్ట్రం మూసేస్తామంది. హాజరు పెంచాలి, ల్యాబులు బాగు చేయాలి లాంటి షరతుల మీద గడువు ఇచ్చింది. 2012 మొదట్లో అప్పటి సూపరింటెండెంట్ ఎర్నెస్ట్ సింగిల్టన్ స్కూలు ఆటలన్నీ ఆపేశారు. టెక్సస్ పల్లెలో ఫుట్‌బాల్ ఆపడమంటే ఏమిటో మీరు అక్కడికెళ్లిన మొదటి శుక్రవారం రాత్రే తెలుస్తుంది, ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. ఆయన మాత్రం బడికి రాని పిల్లల ఇళ్లకు వెళ్లి తలుపులు తట్టారు. డిస్ట్రిక్ట్ నిలబడింది, ఆటలు మళ్లీ వచ్చాయి. 2019లో ఫ్రీర్, బ్రూక్స్ కౌంటీ డిస్ట్రిక్టులతో కలిసి ఒక ఉమ్మడి ఏర్పాటు చేసుకుంది. ఒక హైస్కూల్లో ఒక రంగం, ఇంకో హైస్కూల్లో ఇంకో రంగం, పిల్లలు బస్సులో అటూ ఇటూ వెళ్లి చదువుకుంటారు. ఒక్కో డిస్ట్రిక్టు విడిగా పెట్టుకోలేని కోర్సులు అలా ముగ్గురికీ దొరికాయి. 2023లో రాష్ట్రం ఇలాంటి ఏర్పాట్లకు డబ్బిచ్చేలా చట్టమే చేసింది. మీ ఊరి డిస్ట్రిక్టు పక్క ఊళ్లతో ఇలాంటిదేమైనా పంచుకుంటోందా అని అడగండి. పంచుకుంటుంటే ఆ బోర్డుకు ముందుచూపు ఉన్నట్టే.

మీ పాప విషయానికొద్దాం. మా దగ్గర కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ అంటే ఒక్క మనిషి. ఒక ఏడాది ఆవిడ అక్టోబరులో వెళ్లిపోయారు. మిగతా ఏడాదంతా ఆన్‌లైన్ పాఠాలు, గదిలో సబ్‌స్టిట్యూట్. చురుకైన పిల్లలు ఎలాగోలా గట్టెక్కారు, మిగతావాళ్లు నష్టపోయారు. చిన్న హైస్కూల్లో ఈ రిస్కు ఎప్పుడూ ఉంటుంది. అందుకని కౌన్సెలర్‌ను ఇలా అడగండి: ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 ఉందా? ఫిజిక్స్ ఏటా ఉంటుందా, ఏడాది విడిచి ఏడాదా? కాలిక్యులస్ ఎవరు చెబుతారు? కమ్యూనిటీ కాలేజీతో డ్యూయల్ క్రెడిట్ (ఒకే కోర్సుకు హైస్కూలు, కాలేజీ క్రెడిట్లు రెండూ) ఉందా, ఫీజు ఎవరు కడతారు? ఏపీ, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు ఫ్రిస్కోలో ఉన్నన్ని ఉండవు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

మరోవైపు మనవాళ్లు గమనించని లాభం ఒకటుంది. క్లాసులో మొదటి 10 శాతంలో ఉంటే టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్ ఇచ్చే చట్టం 1997 నుంచి ఉంది. యూటీ ఆస్టిన్‌కు (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) మాత్రం ఆ హద్దు తక్కువ, 2026 ఫాల్ నుంచి 5 శాతం. ఫ్రిస్కోలో 95 శాతం మార్కులు తెచ్చుకున్న పిల్ల పైవరసలో లేకపోవచ్చు. నలభై మంది క్లాసులో అదే పిల్ల మొదటి ఇద్దరిలో ఉండొచ్చు. ఫస్టు వచ్చినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు మినహాయింపు కూడా ఉంది. కానీ యూటీలో సీటు ఖాయం అంటే కంప్యూటర్ సైన్స్ ఖాయం అని కాదు. మేజర్‌కు వేరే పోటీ ఉంటుంది, అక్కడ కోర్సుల బలం చూస్తారు.

అసలు చిక్కు మీ మూడేళ్లలో ఉంది. ఇప్పుడు ఎనిమిదిలో చేరితే వేవర్ పూర్తయ్యేసరికి పాప పది ముగిస్తుంది. అప్పుడు నగరానికి మారితే చిన్న బడి ఇచ్చే ర్యాంకు లాభం పోతుంది, పెద్ద బడి ఇచ్చే కోర్సుల లాభం సగమే దక్కుతుంది. చాలా డిస్ట్రిక్టులు టాపరుగా ప్రకటించడానికి చివరి కొన్ని సెమిస్టర్లు అక్కడే చదవాలని రూలు పెడతాయి. పాలసీ మాన్యువల్‌లో క్లాస్ ర్యాంకు పాలసీ తీసి చదవండి. ఉంటే పన్నెండు దాకా ఉండేలా, లేకపోతే తొమ్మిదికి ముందే మారేలా ఇప్పుడే మాట్లాడుకోండి. మా ఊరికొచ్చిన ఓ తెలుగు డాక్టరుగారు ఇలాగే మూడేళ్లకని వచ్చి, పిల్లవాడి కోసం ఇంకో రెండేళ్లు ఉండిపోయారు. ఆ అబ్బాయి యూఐఎల్ (టెక్సస్ బడుల మధ్య పోటీలు నడిపే సంస్థ) నంబర్ సెన్స్ పోటీకి మా జట్టులో ఉండేవాడు. పది నిమిషాల్లో 80 లెక్కలు, రఫ్ వర్క్ లేదు, జవాబు నేరుగా రాయాలి. ఎక్కాలు నోటికొచ్చిన మన పిల్లలకు ఇది పండగే.

పిల్లల్లో ఎవరికైనా స్పీచ్ థెరపీ లాంటి ప్రత్యేక సహాయం కావాలంటే మాత్రం జాగ్రత్త. చిన్న డిస్ట్రిక్టులు నాలుగైదు కలిసి ఒకే థెరపిస్టును పెట్టుకుంటాయి. ఆవిడ వారంలో ఏ రోజులు వస్తారు, మధ్యలో మానేస్తే ఎవరు చూస్తారు అని రాతపూర్వకంగా అడగండి. సమాధానం తేలికగా రాకపోతే, ఆ ఒక్క కారణం మీద నేను నగరానికే ఓటేస్తాను.

వారానికి నాలుగు రోజుల బడి ఉందేమో కూడా చూసుకోండి. 2015 నుంచి రాష్ట్రం రోజులు కాకుండా నిమిషాలు లెక్కపెడుతోంది, ఏడాదికి 75,600. అందుకే పల్లెల్లో చాలామంది శుక్రవారం సెలవిచ్చేశారు. టీచర్లను ఆకర్షించడానికి ఇది పనిచేస్తుంది. మీవారు ఆసుపత్రిలో, మీరూ ఉద్యోగంలో ఉంటే శుక్రవారం బాబును ఎవరు చూస్తారన్నదే టెన్షన్.

చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని నిజమే రాయండి. పిల్లలకు నాలుగు వారాల్లోపు ఇంగ్లీషు పరీక్ష పెడతారు. మిషిగన్‌లో ఇన్నాళ్లు చదివిన మీ పిల్లలు దాటేస్తారు. ఒకవేళ బాబును ఇంగ్లీషు సహాయం కింద పెడతామంటే కంగారు పడకండి, అది వెనకబెంచీ కాదు. ఒప్పుకోవడం, వద్దనడం మీ చేతుల్లోనే ఉంది.

ఊరి పేరు ఇక్కడ రాయొద్దు, అంత చిన్న చోట మీరెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆడిట్‌లోగానీ పనితీరు నివేదికలోగానీ ఏ పేజీ అయినా అర్థం కాకపోతే పేర్లు చెరిపేసి ఆ అంకెలు పెట్టండి, చూసి చెబుతాను.